విశాఖ రేవున సెంచూరియన్: ఒక యుద్ధచిత్రము, దాని ప్రతులు

నేడు కోల్‌కతా యని వ్యవహరింపబడు కలకత్తా నగరమునకు తూర్పున నున్న సాల్ట్ లేక్, పేరునకు తగినట్లు, ఒకప్పుడు ఉప్పునీటి చెరువు. విద్యాధరీనది మార్గమున సముద్రపు పోటునీరు ఇచ్చటికి వచ్చి పోవుచుండెడిది. ఆ నది పూడిపోయిన పిమ్మట మిగిలిన పల్లపునేలను మెరకచేయు పనిని 1962లో ముఖ్యమంత్రి డాక్టరు బిధాన్ చంద్ర రాయ్ ప్రారంభింపజేసెను. యుగోస్లావియా దేశపు సంస్థయొకటి హుగ్లీనది అడుగునుండి తోడిన ఒండ్రును నీటితో కలిపి, గొట్టములగుండ ఇచ్చటికి పంపి, చెరువును నేలగా మార్చెను. అనగా నేడు కేంద్రప్రభుత్వ కార్యాలయములలో పనిచేయుచు ఇచ్చట కాపురమున్న తెలుగు కుటుంబముల ఇండ్లక్రింద నున్నది హుగ్లీనది మన్ను. రైలుమార్గము లేని కాలమున విశాఖపట్టణమునకును, కోరంగికిని, బందరునకును కలకత్తానుండి పోవు ఓడలన్నియు ఆ నదిమీదుగనే సముద్రమున ప్రవేశించినవి.

ఆ సముద్రమార్గము తెలుగుదేశ చరిత్రను ఒకటికంటె నెక్కువ పర్యాయములు త్రిప్పినది. విశాఖపట్టణమున ఇంగ్లీషు వర్తకశాల 1682లో ఏర్పడెను. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దానిని పట్టుకొనెను. మరుసటి సంవత్సరము విజయనగర ప్రభువు ఆనందగజపతి దానిని ఫ్రెంచివారినుండి లాగుకొని కలకత్తాకు వర్తమానము పంపగా, క్లైవు కర్నల్ ఫోర్డ్ అనువానిని సైన్యముతో ఓడలమీద పంపెను. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధము జరిగెను. 1759 ఏప్రిల్‌లో బందరుకోట ఇంగ్లీషువారి వశమయ్యెను. ఉత్తరసర్కారుల భవితవ్యము హుగ్లీనుండి కదలిన తెరచాపలతో ముడివడియుండెను. ఇంతటి మార్గమైనను, దానిని చూపు చిత్రములు, అందును తెలుగు రేవునొకదానిని పేరుతో పేర్కొను చిత్రములు మిక్కిలి అరుదు. అట్టి కొలదివానిలో ఒకటి 1804 సెప్టెంబరులో విశాఖపట్టణము ఎదుట జరిగిన నౌకాయుద్ధమునకు సంబంధించినది. ఇంగ్లీషు నౌకాచిత్రకారుడు థామస్ విట్‌కూమ్ వ్రాసిన రూపము ననుసరించి అది రాగిఫలకముపై చెక్కబడి, అచ్చువేయబడి, చేతితో రంగులు దిద్దబడి లోకమున వ్యాపించెను. దాని పేరు ‘విశాఖపట్టణపు రేవున సెంచూరియన్ యొక్క రక్షణ’.

ఈ పేరునందే చరిత్రకారునకు కావలసినంత పని కలదు. రక్షింపబడినది ఓడ. విశాఖపట్టణము ఆ ఓడ నిలిచిన చోటు మాత్రమే. ఎవరు ఎవరిని రక్షించిరి, ఎవరు రక్షింపబడలేదు అను ప్రశ్నకు ఈ పేరు సమాధానము చెప్పదు. పైగా ప్రశ్న పుట్టకుండ చేయును. కావున చిత్రమును చూచుటకు ముందు ఆనాడు జరిగినదేమో తెలిసికొనవలెను.

1803లో ఆమియన్స్ సంధి భగ్నమై ఇంగ్లండు, ఫ్రాన్సులమధ్య యుద్ధము మరల ప్రారంభమయ్యెను. ఆ సమయమున హిందూమహాసముద్రమున ఫ్రెంచి నౌకాదళమునకు అధిపతి రియర్ అడ్మిరల్ లినువా. పుదుచ్చేరిని సంధిననుసరించి స్వాధీనపరచుకొనుటకు వచ్చిన ఈతడు, యుద్ధవార్త పొడసూపగనే తప్పించుకొని ఐల్ ద ఫ్రాన్స్ ద్వీపమును, అనగా నేటి మారిషస్‌ను చేరెను. అచ్చటినుండి ఇంగ్లీషువారి వర్తకనౌకలను వేటాడుట ఆతని పని. 1804 ఫిబ్రవరిలో మలయా సముద్రమున పులో ఔరా ద్వీపముకడ చైనానుండి వచ్చుచున్న ఈస్టిండియా కంపెనీ ఓడలబారు ఆతనికి ఎదురుపడినది. ఆ బారులో యుద్ధనౌక యొకటియు లేదు. కాని దాని నాయకుడు నెథానియల్ డాన్స్ కొన్ని వర్తకనౌకలకు యుద్ధనౌకల జెండాలు కట్టించి, పారిపోక ఎదురునిలిచెను. లినువా మోసపోయి వెనుదిరిగెను. కొన్ని కోట్ల రూపాయల సొత్తు చేజారినది. నెపోలియను మిక్కిలి ఆగ్రహించెను. ఆ అపకీర్తిని మోయుచు లినువా ఆ సంవత్సరము వర్షకాలమున బంగాళాఖాతమున ప్రవేశించెను.

ఆతనివెంట మూడు ఓడలుండెను. 74 ఫిరంగుల ‘మారెంగో’ ఆతని పతాకనౌక. ‘అతలాంత్’, ‘సెమియాంత్’ అనునవి ఫ్రిగేటులు, అనగా వేగముగల మధ్యతరగతి యుద్ధనౌకలు; వానికి సుమారు 40, 36 ఫిరంగులు. ఈ మూడును మద్రాసును దూరమునుండియే దాటి బందరు తీరముమీదుగా ఉత్తరమునకు సాగినవి. విశాఖపట్టణము ఎదుట మూడు ఇంగ్లీషు ఓడలు లంగరు వేసియుండెను. ‘ప్రిన్సెస్ షార్లెట్’, ‘బార్నబీ’ అనునవి సరకు ఎక్కించుకొనుచున్న వర్తకనౌకలు. వానికి కావలి ‘సెంచూరియన్’. అది 1774లో ఇంగ్లండులోని హారిచ్ రేవున నీటిలోనికి దింపబడిన 50 ఫిరంగుల యుద్ధనౌక. అప్పటికి దానికి ముప్పది యేండ్లు నిండినవి.

విశాఖపట్టణమునకు అప్పుడు నేటి ఓడరేవు లేదు. లోపలి రేవు త్రవ్వబడి ఓడలకు తెరువబడినది 1933లో. అంతకు పూర్వము పెద్ద ఓడలు తీరమునకు దూరముగా తెరపిసముద్రమున లంగరు వేయవలసినదే. అట్టి స్థితిలో శత్రువు వచ్చినచో దాగుటకు చాటులేదు. మనుష్యులు నేలమీద నుండగా ఓడ నీటిమీద చిక్కిపోవును. ఆనాడు జరిగినది అదియే. సెంచూరియన్ అధిపతి కెప్టెన్ జాన్ స్ప్రాట్ రెయినియర్ జబ్బుచేసి మద్రాసున నుండెను. ఆతని స్థానమున నున్న కెప్టెన్ జేమ్స్ లిండ్ ఆ ఉదయము తీరముమీద నుండెను. ఓడమీద మిగిలిన అధికారి లెఫ్టినెంటు ఫిలిప్స్.

ఫ్రెంచి ఓడలను గుర్తించిన ఫిలిప్స్ కాల్పులు ప్రారంభించెను. వర్తకనౌకలు చేసినదేమి? బార్నబీ తీరమువైపు పోయి కెరటములలో చిక్కి బ్రద్దలయ్యెను. ప్రిన్సెస్ షార్లెట్ ఫిరంగి యొకటియైన పేల్చక జెండా దించి లొంగిపోయెను. సెంచూరియన్ ఒంటరిగా మిగిలెను. ఇంతలో లిండ్ పడవమీద వచ్చి ఓడ నెక్కెను. లంగరుతాటిని నరికించి, తెరచాపలు విప్పించి, ఓడను తీరమునకు మరింత దగ్గరగా, లోతు తక్కువైన నీటిలోనికి చేర్చి మరల నిలిపెను. ఇది యుక్తియైన పని. ఆ తీరపు మెట్టలను, తిన్నెలను ఎరుగని ఫ్రెంచివారు మిక్కిలి దరిజేర సాహసింపలేకపోయిరి. తీరమునుండి కర్నల్ క్యాంబెల్ కొలది ఫిరంగులతో తోడ్పడెను. మధ్యాహ్నము ఒంటిగంట దాటిన పిమ్మట లినువా కాల్పులు విరమించి, పట్టుబడిన ప్రిన్సెస్ షార్లెట్‌ను వెంటబెట్టుకొని సముద్రమునకు మరలెను. తన ఓడల స్తంభములు విరిగినచో బాగుచేయుటకు వేయిమైళ్ళ పరిధిలో తనకు రేవు లేదని ఆతని భయము. సెంచూరియన్ తాళ్ళును తెరచాపలును చీలికలైనను ఓడ తేలియుండెను. ఇరువైపులను ప్రాణనష్టము స్వల్పము.

ఇప్పుడు చిత్రము పేరును మరల చూడవలెను. కావలికి వచ్చిన ఓడ తన్ను తాను కాపాడుకొనెను. అది కాపాడవలసిన రెండు ఓడలలో ఒకటి శత్రువుపాలు, రెండవది సముద్రముపాలు అయినవి. గడియలకొద్ది మూడింతల ఫిరంగుల నెదిరించి నిలిచిన నావికుల ధైర్యమును కాదనుటకు వీలులేదు. లిండ్ నేర్పు మెచ్చదగినదే. కాని కాపలాదారు బ్రదికి, కాపాడవలసిన సొత్తంతయు పోయిన దినమును విజయదినమనుట లెక్కల పుస్తకమున నిలువదు. అట్లని ఫ్రెంచివారు గెలిచిరనుటకును వీలులేదు. మూడు ఓడలతో వచ్చి ముదుసలి ఓడ యొకదానిని లోబరచుకొనలేని లినువాకు స్వదేశమున పులో ఔరా నింద మరింత బరువయ్యెను. నిజమునకు ఉభయులును తలచిన పని నెరవేరని యుద్ధమిది. చిత్రము దానిని ఒక్కవైపునుండి ముగించినది.

చిత్రకారుని సంగతి కొంత చెప్పవలెను. థామస్ విట్‌కూమ్ 18వ శతాబ్ది ఉత్తరార్ధమున జన్మించి, 1783 మొదలు సుమారు నలువదియేండ్లు లండనులోని రాయల్ అకాడమీ ప్రదర్శనములలో చిత్రములు పెట్టినవాడు. ఫ్రెంచి యుద్ధముల నౌకాసమరములను నూనెరంగులలో విస్తారముగా వ్రాసెను. ఆ కాలమున ఇట్టి చిత్రకారులు యుద్ధమును కన్నులార చూచుట అరుదు. నౌకాధిపతులు పైయధికారులకు వ్రాసిన నివేదికలు లండను గెజెట్‌లో ప్రకటింపబడుచుండెడివి. వానిని చదివి, యుద్ధమున పాల్గొన్న అధికారుల ముతక రేఖాచిత్రములను సంపాదించి, ఓడల నమూనాలను ముందుంచుకొని వారు పని సాగించెడివారు. స్తంభములెన్ని, ఫిరంగి కిటికీల వరుసలెన్ని, ఏ తాడు ఎచ్చట కట్టబడును అను విషయములలో వారి శ్రద్ధ అసాధారణము. కొనువారిలో నావికాధికారులే అధికులు. తాడొకటి తప్పినను వారు ఊరకుండరు. కొండయొకటి తప్పినచో అడుగువారు లేరు. విశాఖపట్టణమున ఉన్నవారు అడుగవలసియుండెను. వారిని ఎవరును అడుగలేదు.

లండనులో జేమ్స్ జెంకిన్స్ అను ప్రకాశకుడు 1793 మొదలు 1817 వరకు జరిగిన బ్రిటిషు నౌకావిజయములను ఒక గొప్ప చిత్రగ్రంథముగా వెలువరించెను. అందలి యాబదికి పైగా ఫలకములకు రూపములు వ్రాసినవారిలో ముఖ్యుడు విట్‌కూమ్. వానిలో అధికభాగమును రాగిపై చెక్కినవాడు థామస్ సదర్లాండ్. విశాఖయుద్ధ చిత్రము ఆ గ్రంథమునకు చెందినదే. యుద్ధము జరిగి అప్పటికి పండ్రెండేండ్లు దాటినవి. నెపోలియను సెంట్ హెలీనా ద్వీపమున బందీ. గెలిచినవారు తీరికగా తమ గెలుపులను లెక్కించుకొనుచున్న కాలమది. ఓటములకు ఆ గ్రంథమున చోటులేదు. సగము ఓటమికి చోటు కావలెనన్నచో అది పూర్తి గెలుపు వేషము వేసికొని రావలెను.

ఫలకము తయారగు విధము ఆసక్తికరము. రాగిరేకుపై గుగ్గిలపు పొడిని పలుచగా చల్లి వేడిచేసినచో ఆ రేణువులు అంటుకొనును. పిమ్మట ఆమ్లములో ముంచినచో రేణువుల నడుమనున్న రాగిని మాత్రము ఆమ్లము తినును. తెల్లగా నుండవలసిన చోటులకు వార్నీషు పూసి మరల ముంచుదురు. కొంచెము నల్లబడవలసిన చోటులకు మరికొంత ఆగి వార్నీషు పూయుదురు. ఇట్లు పలుమారులు చేయగా పొగ, మేఘము, నీటినీడ అన్నియు మెత్తని ఛాయలుగా ఏర్పడును. దీనికి ఆక్వాటింట్ అని పేరు. సముద్రయుద్ధమునకు ఇంతకంటె తగిన పద్ధతి లేదు. యుద్ధచిత్రమున సగము పొగయే కదా. అచ్చుపడిన కాగితములను తరువాత రంగుదిద్దువారి ముందు పెట్టుదురు. ఒక మాదిరి ప్రతిని చూచుకొనుచు వారు నీటిరంగులతో ఒక్కొక్క ప్రతిని చేతితో నింపెదరు. అందుచేత ఒకే ఫలకమునుండి పుట్టిన రెండు ప్రతులు సరిగా ఒకటిగా నుండవు. ఒకదానిలో సముద్రము పచ్చన, మరియొకదానిలో నీలము. కూలికి రంగు నింపు వారి కన్నులలో విశాఖ సముద్రమునకును పోర్ట్స్‌మత్ సముద్రమునకును భేదము లేదు.

విశాఖను ఎరిగినవారు ఈ చిత్రమున వెదకవలసినది మరియొకటి కలదు. ఆనాటి తీరమున ఓడకును నేలకును నడుమ విరుగు కెరటములను దాటుట ఇంగ్లీషు ఓడల గట్టిపడవలకు సాధ్యము కాదు. ఆ పనికి మసూలా పడవ ఒక్కటే తగినది. దాని పలకలను మేకులతో బిగింపరు. కొబ్బరిపీచు తాటితో కుట్టుదురు. కెరటము కొట్టినప్పుడు అది బ్రద్దలుకాక వంగును. దానిని నడపినవారు తీరపు జాలరులు, వాడబలిజలు. కట్టుమరములమీద ఉత్తరములు, వర్తమానములు తీసికొనిపోయినవారును వారే. సరకుబస్తాలు, మంచినీటి పీపాలు, ఉద్యోగులు, వర్తకులు అందరును వారి చేతిమీదుగనే ఓడ నెక్కవలెను. సెప్టెంబరు మాసమున, నైరుతిగాలి ఇంకను సద్దణగని దినములలో, ఆ పని ఎంత కష్టమో తీరవాసులెరుగుదురు. వారు ఒక్కదినము పడవలు కట్టివేసినచో విశాఖ వర్తకము ఆగిపోవును. అయినను యుద్ధచిత్రముల పేర్లలో గాని, గెజెట్ నివేదికలలో గాని వారి జాడ లేదు. ఆ మండలమున పద్మనాభయుద్ధము జరిగి అప్పటికి పదియేండ్లు మాత్రమే. 1794 జులై 10వ తేదీన చిన విజయరామరాజు ఆ రణమున కూలిన సంగతి విశాఖమండలమున ఇంటింట తెలిసినదే. ఆ ప్రజలకు 1804 నాటి ఫిరంగుల మ్రోత పరదేశుల పోట్లాటగనే వినిపించియుండును.

అట్లని ఆ కాలపు పాశ్చాత్య చిత్రకారులందరిని ఒకే గాట కట్టుట న్యాయము కాదు. కలకత్తాయే అందుకు సాక్ష్యము. ఆంట్వర్ప్ నగరమున 1760లో జన్మించిన బాల్తజార్ సోల్విన్స్ మొదట నౌకాచిత్రకారుడు. 1791లో కలకత్తాకు వచ్చెను. పొట్టకూటికై బండ్లకును పల్లకీలకును రంగులు వేసెను. కాని ఆతడు రేవులలో ఓడలను మాత్రము చూచి ఊరకుండలేదు. బెంగాలు నదులమీద తిరుగు దేశవాళి పడవలను, వాని చుక్కానులను, తెడ్లను, నడపువారి కూర్చుండు తీరును శ్రద్ధగా పరిశీలించి, వృత్తులవారితోడను ఉత్సవములతోడను కలిపి 250 ఫలకములుగా చెక్కెను. ఆ సంపుటము పూర్తి ప్రచురణము 1799లో కలకత్తాలోనే వెలువడెను. కోరమండలతీరపు దోణులు హుగ్లీలోనికి వచ్చుచుండిన కాలమది. కాని ఆ గ్రంథము అమ్ముడుపోలేదు. దాని రంగులు మసకగా నున్నవని, చెక్కడము ముతకగా నున్నదని కొనగలవారు పెదవి విరిచిరి. సోల్విన్స్ నష్టపడి 1803లో దేశము విడిచెను.

తరువాతి కథ మరింత వింతయైనది. సరిగా విశాఖయుద్ధము జరిగిన 1804లోనే లండను ప్రకాశకుడు ఎడ్వర్డ్ ఓర్మ్, సోల్విన్స్ బొమ్మలనుండి అరువదింటిని అనుమతి లేకయే తిరిగి వ్రాయించి, ప్రకాశవంతములైన రంగులు వేయించి ప్రకటింప నారంభించెను. అవి బాగుగా చెల్లుబడియైనవి. కన్నులార చూచి వ్రాసినవాని ప్రతి మూలబడినది. చూడనివాడు మెరుగుపెట్టిన నకలు ఇంటింట చేరినది. నకలు వ్రాయుట తప్పు కాదు. నకలు లేనిచో ఏ చిత్రమును ఏ రాజగృహపు గోడనైనను దాటి బయటికి రాదు. కాని నకలు వ్రాయువాడు కొనువాని ఇష్టమును చూచి రంగు మార్చును. మూలములోని సత్యము ఆ మార్పునకు బలియగును. విశాఖకు సోల్విన్స్ వంటివాడు దొరకలేదు. విట్‌కూమ్ దొరికెను. కలకత్తా నదీతీరపు పడవవాండ్రు నేడును ఆ ఫలకములలో తెడ్డువేయుచున్నారు. విశాఖతీరపు పడవవాండ్రకు ఆ భాగ్యము పట్టలేదు.

తెలుగుతీరము తన ఓడ బొమ్మను తానే వేసికొన్న కాలము కూడ ఒకటి కలదు. శాతవాహనరాజు యజ్ఞశ్రీ శాతకర్ణి, క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో, రెండు స్తంభముల ఓడ ముద్రగల సీసపు నాణెములను వేయించెను. నాణెము కూడ నకలే. ఒక అచ్చునుండి వందలకొద్ది ప్రతులు. కాని అచ్చు చెక్కినవాడు తన రేవున తాను చూచిన ఓడను చెక్కెను. వేయిసంవత్సరముల పిమ్మట, 1244 ప్రాంతమున, కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున ఒక అభయశాసనము వేయించెను. తుఫానుచే కొట్టుకొనివచ్చి తీరమున పగిలిన ఓడల సొత్తును పూర్వరాజులు బలవంతముగా లాగుకొనుచుండిరనియు, తాను మాత్రము న్యాయమైన సుంకము తప్ప వేరేమియు తీసికొననని అందు వర్తకులకు అభయమిచ్చెను. తెలుగుతీరమున ఓడను రక్షించుట యనగా నేమో ఆ శాసనము ఒకవిధముగా చెప్పును. లండను ఫలకము మరియొకవిధముగా చెప్పును. మొదటిదానిలో రక్షింపబడునది కెరటములలో పగిలిన వర్తకుని ఓడ. రెండవదానిలో అట్టి బార్నబీకి పేరులోనైనను చోటులేదు.

నేడు ఇట్టి చిత్రములకు నూనెరంగుల నకళ్ళు వ్రాయించుకొనుట సులభమైన పని. చైనాలోని షెన్‌జెన్ నగరమున డాఫెన్ అను గ్రామము 1989 మొదలు ఈ వృత్తికే ప్రసిద్ధి కెక్కినది. ఛాయాచిత్రమును పంపినచో గుడ్డపై చేతితో వ్రాసి పంపెదరు. సాల్ట్ లేక్‌లోని గదిలో గోడకు విశాఖయుద్ధమును వ్రేలాడదీయుటకు ఎవరికిని ఆటంకము లేదు. అయితే అట్టి ప్రతి యొక వింత వస్తువగును. నివేదికను చదివి వ్రాసిన రూపమును రాగిపై చెక్కగా, దానిని కాగితమున అచ్చువేసి నీటిరంగు నింపగా, దాని ఛాయాచిత్రమును చూచి నూనెరంగులో వ్రాసినది అది. గుగ్గిలపు రేణువులచే ఏర్పడిన ఛాయను కుంచెతో అనుకరించుట కష్టము; పొగ దూదివలె గట్టిపడును. తాళ్ళ సంఖ్య ప్రతిసారి కొంత తగ్గును. రెండువందల యేండ్లక్రిందట విట్‌కూమ్ గర్వించిన విషయమే మొట్టమొదట నశించును.

అయినను చేతితో వ్రాయు నకలులో యంత్రపు నకలునకు లేని సౌకర్య మొకటి కలదు: వ్రాయించుకొనువాడు దిద్దుబాట్లు కోరవచ్చును. తెలుగువాడు అడుగదగినవి కొన్ని కలవు. ఆనాటి ఇంగ్లీషు జెండాలో 1801 జనవరి 1వ తేదీన చేరిన ఐర్లండు ఎర్రగీటు ఉండవలెను. ప్రతులు వ్రాయువారు దీనిని తరచుగా మరచెదరు. నేల ఓడలకు పడమటిదిక్కున నుండవలెను. యుద్ధము మధ్యాహ్నమువరకు సాగినది కావున తొలిభాగమున వెలుగు సముద్రమువైపునుండి కొండలపై పడును. డాల్ఫిన్ నోస్ అను యారాడకొండ అంచు స్పష్టముగా కనబడవలెను. ఆ కొండలకు ఇంగ్లండు తీరపు సుద్దతెలుపు పనికిరాదు. తూర్పుకనుమల ఖొండలైటు శిలల ఎరుపుడాలు, వానపడిన మాసపు పచ్చదనము కావలెను. కెరటములు ఒక్క వరుస కాదు, ఒకదానివెనుక నొకటిగా విరుగవలెను. ఆ వరుసలలో ప్రక్కకు ఒరిగిన బార్నబీ ఉండవలెను. దూరమున జెండా దించిన ప్రిన్సెస్ షార్లెట్ ఉండవలెను. తీరమున ఇసుకపైకి లాగిన కుట్టుపడవలును, వాని ప్రక్కన నిలిచి సముద్రమువైపు చూచు మనుష్యులును ఉండవలెను. ఇవి కల్పనలు కావు. ఆ రెండు ఓడల గతి చరిత్రకెక్కినది. ఆ పడవలు లేని విశాఖతీరము 1804లో లేదు.

ఆ యుద్ధమున తలపడిన ఓడలేవియు బహుకాలము తమ తీరులో మిగులలేదు. అతలాంత్ 1805లో గుడ్‌హోప్ అగ్రముకడ తుఫానున నశించెను. మారెంగో 1806 మార్చి 13వ తేదీన అట్లాంటిక్ సముద్రమున ఇంగ్లీషువారికి పట్టుబడెను; లినువా 1814 వరకు వారి చెరలో నుండెను. సెమియాంత్ యుద్ధనౌకగా పనికిరానిదై వర్తకులకు అమ్మబడెను. సెంచూరియన్ చివరకు ఆస్పత్రిఓడగా హాలిఫాక్స్ రేవున కట్టువడి, 1824లో లంగరువేసిన చోటనే మునిగెను. ఫలకము అచ్చువడి అప్పటికి ఏడెనిమిదేండ్లు మాత్రమే.